స్టీరింగ్ కుడివైపుకి మార్చడం జీఎంకి అంత కష్టమైందా?

మీ ప్రశ్నని కుదించి చెబితే ఇదీ: ప్రపంచంలోనే పెద్ద కార్ల కంపెనీల్లో ఒకటైన అమెరికా జనరల్ మోటార్స్ (జీఎం), స్టీరింగ్ కుడివైపు ఉండే దేశాల నుంచి (ఇండియా, ఆస్ట్రేలియా, సౌతాఫ్రికా, థాయ్‌లాండ్, బ్రిటన్) వరసపెట్టి ఎందుకు వెళ్లిపోయింది? స్టీరింగ్ అటునుంచి ఇటు మార్చడం అంత పెద్ద పనా? కొరియాలోనూ ఎడమ స్టీరింగే కదా, మరి కియా వాళ్లు పెనుకొండలో ఎలా నెగ్గుకొస్తున్నారు? ఆఖర్న, మీ మేనమామ గారు అమ్మేస్తానంటున్న 2014 షెవర్లే క్రూజ్ తీసుకోవచ్చా అని.

ముందు సూటిగా జవాబు. మార్చడం కష్టం కాదు. ఎప్పుడు మారుస్తారన్నదే అసలు సంగతి. కొత్త కారు ప్లాట్‌ఫామ్ (కొన్ని మోడళ్లకి కలిపి వాడే అడుగు నిర్మాణం) డ్రాయింగు దశలో ఉండగానే రెండు వైపులా స్టీరింగ్ పెట్టేలా గీస్తే ఖర్చు భరించగలిగేంతే అవుతుంది. ఎడమవైపు కారు మొత్తం తయారయ్యాక "ఇప్పుడు కుడివైపుది కూడా చేద్దాం" అంటే గిట్టుబాటు కాదు. జీఎం తన కొత్త కార్లలో కుడి స్టీరింగ్‌ని డ్రాయింగు దశలోనే ఒక్కొక్కటిగా కొట్టేస్తూ వచ్చింది. "మేము వెళ్లిపోతున్నాం" అన్న ప్రకటన తర్వాతెప్పుడో వచ్చింది గానీ, వెళ్లడం మాత్రం అంతకు మూడు నాలుగేళ్ల ముందే ఖాయమైపోయింది.

నేను కార్ల కంపెనీలో పనిచేయలేదు. వాటికి సామాను సప్లై చేసే వైపు ఉన్నాను. పుణె దగ్గర చాకణ్‌లో వైరింగ్ హార్నెస్‌లు (కారంతా పరుచుకునే వైర్ల కట్టలు), ఆ తర్వాత చెన్నై దగ్గర డాష్‌బోర్డు మోల్డింగులు. కాబట్టి డెట్రాయిట్‌లోని జీఎం బోర్డు రూములో ఎవరు ఏమన్నారో నాకు తెలియదు గానీ, అక్కడ తీసుకున్న నిర్ణయం షాపు ఫ్లోరు మీదకి ఏ రూపంలో దిగుతుందో బాగా తెలుసు.

కుడివైపుకి మార్చడమంటే ఏమేం మారాలి?

చాలామంది అనుకునేది, కారు బొమ్మని అద్దంలో చూసినట్టు తిప్పేస్తే సరిపోతుందని. తిరగదు. ఎందుకంటే ఇంజనూ గేర్‌బాక్సూ తిరగవు. ముందు చక్రాలు తిప్పే మామూలు కార్లలో ఇంజన్ అడ్డంగా కూర్చుంటుంది, గేర్‌బాక్స్ ఎక్కువగా ఎడమవైపు ఉంటుంది. గేర్‌బాక్స్ పైన కాస్త ఖాళీ ఉంటుంది, ఎడమ స్టీరింగ్ కారులో బ్రేక్ బూస్టర్ (పెడల్ తొక్కుడికి బలం చేర్చే డబ్బా) ఆ ఖాళీలో హాయిగా సర్దుకుంటుంది. అదే బూస్టర్ కుడికి రావాలంటే అక్కడ ఇంజన్ అడ్డం. ఇంజన్ మౌంటింగు, బెల్టులు, ఏసీ పైపులు, అన్నీ అక్కడే. స్టీరింగ్ నుంచి కిందికి దిగే షాఫ్టుదీ ఇదే గొడవ. ఎడమవైపు ఏ అడ్డూ లేకుండా దిగే షాఫ్టు కుడివైపున ఎగ్జాస్టు పక్కనుంచో టర్బో పక్కనుంచో దూరాల్సి రావచ్చు. ఆ వేడికి షాఫ్టు మీది రబ్బరు తొడుగులు ఎన్నాళ్లు ఆగుతాయి?

ఈ ఇబ్బంది తప్పించుకోవడానికి కొందరు యూరప్ వాళ్లు ఒక అడ్డదారి పట్టారు. బూస్టర్‌ని ఎడమవైపే ఉంచేసి, కుడివైపు పెడల్ నుంచి డాష్‌బోర్డు వెనకగా అడ్డంగా ఒక రాడ్డు వేశారు. దాని ఫలితం సిట్రోయెన్ సీ3 పికాసోలో తేలింది. బ్రిటన్‌లో అమ్మిన ఆ కార్లలో పక్క సీట్లో కూర్చున్నవాళ్లు కాళ్లు చాపి ముందుకు గట్టిగా తన్నితే బ్రేకులు పడేవి. 2011లో వెనక్కి పిలిపించి సరిచేయాల్సి వచ్చింది. అన్నీ ఇంత ప్రమాదం కాదు లెండి, కొన్ని చిరాకు పెట్టేవి. ఫోక్స్‌వాగన్, స్కోడా కార్లలో బానెట్ తెరిచే మీట మన దగ్గర కూడా ఎడమ సీటు కాళ్ల దగ్గరే ఉంటుంది, ఇండికేటర్ ఎడమచేతికే ఉంటుంది. ఫ్రెంచి కార్లలో కొన్నిటికి గ్లవ్ బాక్సు తెరిస్తే లోపల సగం ఫ్యూజు పెట్టే. "ఈ కారు మీకోసం గీసింది కాదు, మీకోసం సర్దింది" అని ఆ కారే చెబుతుంటుంది.

నా కళ్ల ముందు జరిగింది ఒకటి చెబుతాను, కంపెనీ పేరు వద్దు. హార్నెస్ తయారుచేసే చోట తలుపంత బోర్డులు ఏటవాలుగా నిలబెట్టి ఉంటాయి. వాటి నిండా మేకులు, ఫోర్కులు. అమ్మాయిలు వాటి మధ్యనుంచి వైర్లు పరుచుకుంటూ టేపు చుడుతూ పోతారు. ఒక విదేశీ కంపెనీ ఎడమ స్టీరింగ్ కారు డ్రాయింగుని తిప్పి మాకు పంపింది. కానీ బ్యాటరీ, ఏబీఎస్ యూనిట్ పాత చోటే ఉన్నాయి. పెడల్ స్విచ్చులు, మీటరు, స్టీరింగ్ కాలమ్ మాత్రం కుడికి వచ్చాయి. మొదటి హార్నెస్ తీసుకెళ్లి కారులో పెడితే ఒక కొమ్మ జానెడు తక్కువైంది. జానెడు వైరు కలిపితే పోలేదా అనిపిస్తుంది. పొడవు పెరిగితే వోల్టేజి పడుతుంది, కాబట్టి మందం వైరు వేయాలి. మందం పెరిగితే ఫైర్‌వాల్‌లో (ఇంజనుకీ మనం కూర్చునే చోటుకీ మధ్యనుండే రేకు) వైర్లు దూరే రబ్బరు గ్రోమెట్ రంధ్రం చాలదు. రంధ్రం పెంచాలంటే ఆ రేకుని కొట్టే డై, అంటే అచ్చు మార్చాలి. డై మారితే ఆ చోట శబ్దం రాకుండా వేసే ఫోమ్ షీటు కూడా మారాలి. జానెడు వైరు దగ్గర మొదలై ప్రెస్ షాపు దాకా వెళ్లింది. నెలలు పోయాయి.

ఇవి కాక డాష్‌బోర్డు మోల్డు, దాని వెనకుండే ఉక్కు బీమ్, ఏసీ డక్టులు, వైపర్ల లింకేజి, హెడ్‌లైట్లు వేరుగా కావాలి. డ్రైవర్ వైపు గుద్ది చూసే క్రాష్ టెస్టు కుడి స్టీరింగ్ కారుతో మళ్లీ చేయాలి, ఎయిర్‌బ్యాగ్‌ల క్యాలిబ్రేషన్ మళ్లీ చూసుకోవాలి.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

అర్థం కావడానికి ఊహా లెక్క ఒకటి వేద్దాం, ఇది ఏ కంపెనీదీ కాదు. కుడి స్టీరింగ్ కోసం అదనంగా 300 కోట్లు అవుతుందనుకోండి. ఐదేళ్లలో లక్షన్నర కార్లు అమ్మితే ఒక్కో కారు నెత్తిన 20 వేలు. పదిహేను లక్షలు అమ్మితే 2 వేలు. ఏడెనిమిది లక్షల కారు మీద 20 వేలంటే, చాలాసార్లు ఆ కారులో మిగిలే లాభం మొత్తం అదే. ఇల్లు కట్టేటప్పుడే పైన ఇంకో అంతస్తు వేస్తామని తెలిస్తే పునాదిలోనే పిల్లర్ల సైజు పెంచుకుంటాం, ఖర్చు కొంచెమే పెరుగుతుంది. గృహప్రవేశం అయ్యాక అడిగితే మేస్త్రీ ఏమంటాడో మీకు తెలుసు.

మరి కుడి స్టీరింగ్ దేశాలన్నీ కలిపితే కార్లు తక్కువేం అమ్ముడుపోవు కదా అంటారు. నిజమే. 2024 చుట్టుపక్కల లెక్కలు చూస్తే జపాన్‌లో సుమారు 44 లక్షల వాహనాలు, మన దగ్గర ప్యాసింజర్ వాహనాలే 43 లక్షలు, బ్రిటన్‌లో 19 లక్షల పైన, ఆస్ట్రేలియాలో 12 లక్షలు. ఇండొనేషియా, మలేషియా చెరి 8 లక్షల పైన, థాయ్‌లాండ్, సౌతాఫ్రికా చెరి 5 లక్షల పైన. అంతా కలిపితే ప్రపంచ అమ్మకాల్లో దాదాపు ఆరో వంతు.

కానీ అది ఒక మార్కెట్ కాదు. ఇక్కడే జీఎం వాళ్ల మాటలో కొంత న్యాయం ఉంది. థాయ్‌లాండ్ వాడికి ఒక టన్ను పికప్ కావాలి, అక్కడి పన్నులు దానికే అనుకూలం. ఇండొనేషియాలో ఏడు సీట్ల చవక బండి. జపాన్‌లో 660 సీసీ కేయీ కార్లనే బుల్లి బండ్లు. ఆస్ట్రేలియాలో యూట్, అంటే వాళ్ల పికప్. మన దగ్గర నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు లేదా 1500 సీసీ లోపు డీజిలు. 2006 నుంచి చిన్న కారు పన్ను రాయితీ నడుస్తున్నది ఇలాంటి కొలతల మీదే. స్టీరింగ్ ఒకే వైపు ఉన్నంత మాత్రాన ఒక దేశానికి చేసిన కారు ఇంకో దేశంలో అమ్ముడుపోదు. 2020లో ఆస్ట్రేలియా బ్రాండు హోల్డెన్‌ని మూసేస్తున్నప్పుడు జీఎం చెప్పిన కారణం కూడా ఇదే. కుడి స్టీరింగ్ మార్కెట్లు ముక్కలు ముక్కలుగా ఉన్నాయి, పెట్టుబడి తిరిగిరాదు అని.

మాట నిజమే. కాకపోతే ఆ ముక్కల్లో కొన్నిటిని తెంచింది వాళ్లే.

గొలుసు ఎలా తెగింది

2013 డిసెంబరులో జీఎం ఆస్ట్రేలియాలో తయారీ ఆపేస్తామని చెప్పింది. హోల్డెన్ కార్లలో పేరున్న కమొడోర్, దాని ఆఖరి బండి 2017 అక్టోబరు 20న అడిలైడ్ పక్కన ఎలిజబెత్ ప్లాంటు నుంచి బయటికొచ్చింది. ఆ తర్వాత హోల్డెన్‌కి కార్లు ఎక్కణ్ణుంచి? అప్పట్లో జీఎందే అయిన జర్మనీ కంపెనీ ఒపెల్ చేసే ఇన్‌సిగ్నియాకే కమొడోర్ అని పేరు పెట్టి జర్మనీ నుంచి తెద్దామనుకున్నారు. ఒపెల్‌కి కుడి స్టీరింగ్ చేసే ఓపిక ఎందుకుందంటే బ్రిటన్‌లో వాక్స్‌హాల్ పేరుతో అవే కార్లు లక్షల్లో అమ్మేవారు కాబట్టి. బ్రిటన్ అమ్మకాలు ఆ ఖర్చు మోస్తుంటే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఆ నీడన బతికేవి. 2017 మార్చిలో ఒపెల్‌నీ వాక్స్‌హాల్‌నీ కలిపి ఫ్రెంచి కంపెనీ పీఎస్‌ఏకి అమ్మేశారు. దాంతో హోల్డెన్ కాళ్ల కింద నేల పోయింది. 2002లో లక్షా 78 వేల కార్లు అమ్మిన హోల్డెన్ 2019లో అమ్మింది 43 వేల చిల్లర. ఆ అంకె చూపించి 2020 ఫిబ్రవరిలో "గిట్టుబాటు కావడం లేదు" అన్నారు. అదే రోజు థాయ్‌లాండ్‌లోని రాయోంగ్ ప్లాంటు చైనా కంపెనీ గ్రేట్ వాల్‌కి అమ్ముతున్నట్టు కూడా చెప్పేశారు.

ఒక కుడి స్టీరింగ్ మార్కెట్ వదిలేస్తే మిగతావాటి మీద భారం పెరుగుతుంది. పెరిగిన భారం చూపించి ఇంకోటి వదిలేస్తారు. మొదటి రెండు తెగాక మూడోది బోర్డు ముందుకొచ్చేసరికి అది ఎప్పుడూ నష్టాల మార్కెట్‌లాగే కనిపిస్తుంది.

ప్రకటనలకంటే ముందే జాడలు కనబడ్డాయని అన్నాను కదా. మొదటి తరం షెవర్లే వోల్ట్ కుడి స్టీరింగ్‌తో హోల్డెన్ వోల్ట్‌గా, వాక్స్‌హాల్ ఆంపెరాగా వచ్చింది. 2015లో వచ్చిన రెండో తరం వోల్ట్‌కి కుడి స్టీరింగే లేదు. ఆ తర్వాతి ఎలక్ట్రిక్ కారు బోల్ట్ యూరప్‌కి ఒపెల్ ఆంపెరా-ఈగా వెళ్లింది. సొంత వాక్స్‌హాల్ షోరూములు దేశమంతా ఉన్నా బ్రిటన్‌కి మాత్రం రాలేదు, కారణం మళ్లీ స్టీరింగే. అది చూసినప్పుడే సప్లయర్లలో చాలామందికి అర్థమైపోయింది.

మన దగ్గర జరిగింది ఇంకా విచిత్రం

జీఎం ఇక్కడికి 90ల మధ్యలో ఒపెల్ ఆస్ట్రాతో వచ్చింది, గుజరాత్‌లోని హాలోల్ ప్లాంటులో. 2003 నుంచి షెవర్లే పేరు. తవేరా గురించి మీకు చెప్పక్కర్లేదు. హైదరాబాద్ కాల్ సెంటర్ క్యాబ్‌ల నుంచి తిరుపతి టాక్సీల దాకా ఒక కాలంలో అదే. 2013లో ఆ తవేరాలనే 1.14 లక్షల దాకా వెనక్కి పిలిపించారు. ఎమిషన్ పరీక్షకి పంపే ఇంజన్లలో సొంత ఉద్యోగులే మతలబు చేశారని కంపెనీయే ఒప్పుకుంది. నమ్మకం అక్కడ సగం పోయింది.

2015లో మళ్లీ పెద్ద మాట చెప్పారు, ఇండియాలో వంద కోట్ల డాలర్ల పెట్టుబడి అని. చైనా భాగస్వామి సాయిక్‌తో కలిసి చైనా, బ్రెజిల్, మెక్సికో, ఇండియాల కోసం ఒక కొత్త ప్లాట్‌ఫామ్ అని. మా వైపు వాళ్లందరూ కొటేషన్ల మీద కొటేషన్లు వేశారు. 2016లో అది ఆపి ఉంచారు. 2017 మే 18న ఇండియాలో అమ్మకాలు ఆ ఏడాదితో ఆఖరన్నారు, సౌతాఫ్రికా కూడా అదే ప్రకటనలో. ఆ ప్లాట్‌ఫామ్ మీద ఓనిక్స్, ట్రాకర్ తయారై బ్రెజిల్, చైనా, మెక్సికోల్లో బాగానే అమ్ముడుపోయాయి. మన పేరు ఒక్కటే జాబితాలోంచి పోయింది.

ఇప్పుడు అసలు తమాషా. 2016 ఆటో ఎక్స్‌పోలో షెవర్లే ఎసెన్షియా అని ఒక బుల్లి సెడాన్ చూపించారు. మన నాలుగు మీటర్ల పన్ను నిబంధన కోసమే తోక కత్తిరించి గీసిన కారు అది. ఇక్కడ అమ్మలేదు. కానీ పుణె దగ్గర తళేగావ్ ప్లాంటులో దాన్ని తయారుచేసి మెక్సికోకి బీట్ పేరుతో పంపారు, ఎడమ స్టీరింగ్‌తో. మన పన్నుల కోసం పొట్టిగా చేసిన కారు, మనవాళ్ల చేతుల మీదుగా, ఆ పన్నే లేని దేశానికి వెళ్లింది. 2016-17లో జీఎం ఇక్కడ అమ్మినవి సుమారు 26 వేలు, ఇక్కణ్ణుంచి ఎగుమతి చేసినవి 70 వేల పైన, అందులో అధిక భాగం ఎడమ స్టీరింగ్‌వే. అంటే ఈ ప్లాంటుకి రెండు వైపులా చేయడం చేతకాక కాదు. తళేగావ్ 2020 డిసెంబరు దాకా అలా నడిచి ఆగింది, చివరికి హ్యుందాయ్ చేతికి వెళ్లింది.

హాలోల్ ప్లాంటు సాయిక్‌కి పోయింది. 2019లో అక్కణ్ణుంచి ఎంజీ హెక్టర్ వచ్చి బుకింగులతో ఊపేసింది. ఆ హెక్టర్ ఏమిటి? చైనాలో బావోజున్ 530. దాన్ని తయారుచేసింది సాయిక్-జీఎం-వూలింగ్, అంటే జీఎంకి కూడా వాటా ఉన్న కంపెనీ! అదే బండిని జీఎం థాయ్‌లాండ్‌లో షెవర్లే క్యాప్టివాగా కుడి స్టీరింగ్‌తో అమ్మింది కూడా. జీఎం వదిలేసిన ప్లాంటులో, జీఎం వాటా ఉన్న డిజైనుతో, వేరే బ్రాండు వాళ్లు డబ్బు చేసుకున్నారు. స్టీరింగ్ వల్లే వెళ్లిపోయాం అంటే నేను నమ్మకపోవడానికి ఇదే కారణం.

మరి జీఎం తెలివితక్కువ పని చేసిందా?

షేర్‌హోల్డర్ల వైపు నుంచి చూస్తే అలా అనలేం. మేరీ బారా 2014లో సీఈఓ అయ్యాక పెట్టిన డబ్బు మీద 20 శాతం రాబడి రావాలని గీత గీశారు. ఆ గీత దాటేవి రెండే, అమెరికాలో పికప్‌లు, ఎస్‌యూవీలు, అవతల చైనా. ఒపెల్ అయితే 1999 తర్వాత సరిగా లాభం చూసిందే లేదు. ఆ లెక్క ప్రకారం మిగతావి వదిలించుకోవడం సబబే.

నా అభ్యంతరం వేరే. రాబడి లెక్క ఈ ఏడాది, వచ్చే ఏడాది చూస్తుంది. ప్లాట్‌ఫామ్ పదేళ్లు బతుకుతుంది. 2017లో చైనాలో జీఎం, భాగస్వాములు కలిసి 40 లక్షల కార్లు అమ్మారు. 2024కి అది సగానికి పడిపోయింది, ఆ డిసెంబరులో చైనా వ్యాపారం విలువ తగ్గించి 500 కోట్ల డాలర్ల పైన నష్టం రాసుకున్నారు. ఈలోగా ఇండియా మార్కెట్ పెరిగింది. తిరిగి వద్దామంటే చేతిలో కుడి స్టీరింగ్ కారు లేదు, ప్లాంటు లేదు, డీలర్లు లేరు. వాళ్లు ఖాళీ చేసిన థాయ్‌లాండ్, ఆస్ట్రేలియాల్లో ఇప్పుడు ఎవరున్నారో చూడండి. బీవైడీ, గ్రేట్ వాల్, ఎంజీ. వీళ్ల సొంత దేశంలోనూ ఎడమ స్టీరింగే.

కొద్దిగా మనసు మార్చుకుంటున్న సూచనలు ఉన్నాయి. షెవర్లే స్పోర్ట్స్ కారు కార్వెట్‌కి దశాబ్దాల తరబడి ఫ్యాక్టరీ కుడి స్టీరింగ్ లేదు. ఇంజన్ వెనక్కి వెళ్లిన సీ8 తరానికి మాత్రం మొదటి నుంచే రెండు వైపులకీ గీశారు, ఆస్ట్రేలియా, బ్రిటన్, జపాన్‌లకి వెళ్తోంది. జీఎం ఖరీదైన బ్రాండు క్యాడిలాక్ వారి ఎలక్ట్రిక్ కారు లిరిక్ కూడా కుడి స్టీరింగ్‌తో ఆస్ట్రేలియాకి వచ్చింది. ఇవన్నీ డబ్బున్నవాళ్ల బండ్లు, మనలాంటి మార్కెట్‌కి ఇవి పనికొచ్చే సంగతులు కావు.

కియా సంగతి

2017 ఏప్రిల్ ఆఖర్లో హాలోల్‌లో జీఎం ఉత్పత్తి ఆపింది. అదే ఏప్రిల్ ఆఖర్లో కియా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది, 110 కోట్ల డాలర్లు, ఏడాదికి 3 లక్షల కార్ల ప్లాంటు, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో. ఒకే నెల, ఒకే దేశం, ఇద్దరికీ సొంత ఊళ్లో ఎడమ స్టీరింగే. ఒకరు మూసుకుంటే ఇంకొకరు తెరిచారు. 2019 ఆగస్టులో సెల్టోస్ వచ్చింది.

తేడా ఏమిటంటే కొరియా వాళ్ల సొంత మార్కెట్ చిన్నది. ఎగుమతి లేకపోతే బతకలేరు. హ్యుందాయ్ అయితే 1998లో శ్రీపెరంబుదూర్‌లో శాంత్రోతో మొదలుపెట్టి, మన దేశాన్ని ఎగుమతుల కేంద్రంగా వాడుకుంటూ వచ్చింది. కాబట్టి వాళ్ల దగ్గర కొత్త కారు గీసేటప్పుడు "కుడివైపు కూడా చేయాలా?" అన్న చర్చే రాదు. అది లెక్కలో ముందే ఉంటుంది. పెనుకొండ నుంచి ఇటు మన మార్కెట్‌కి కుడి స్టీరింగ్, అటు గల్ఫ్‌కి, లాటిన్ అమెరికాకి ఎడమ స్టీరింగ్ ఒకే లైను మీద దిగుతాయి. అమెరికా కంపెనీకి ఇంట్లోనే కోటిన్నర వాహనాల పైన మార్కెట్ ఉంది. బయటి మార్కెట్లు వాళ్లకి ఎప్పుడూ ఆకలి తీర్చే అవసరం కాలేదు, సరదాగానే మిగిలిపోయాయి.

అలాగని అమెరికన్లందరూ ఒకటి కాదు. జీప్ వాళ్లు కంపాస్‌ని పుణె దగ్గర రంజన్‌గావ్‌లో చేసి ఇక్కణ్ణుంచే ఆస్ట్రేలియా, బ్రిటన్, జపాన్‌లకి పంపారు. చెదిరిన ముక్కల్ని ఒక చోటికి చేర్చడమంటే అదీ. ఫోర్డ్‌కి థాయ్‌లాండ్ పికప్ ప్లాంటు ఉంది, చెన్నైలో చేసిన ఎకోస్పోర్ట్ అమెరికాకి కూడా వెళ్లింది. అయినా 2021 సెప్టెంబరులో, పదేళ్లలో 200 కోట్ల డాలర్ల పైన నష్టపోయామంటూ ఇక్కడ తయారీ ఆపేశారు. అంటే కుడి స్టీరింగ్ ఉన్నంత మాత్రాన గట్టెక్కుతారని కాదు. ఏడాదికోసారి కొత్త మోడల్ కావాలి, మండల కేంద్రం దాకా సర్వీసు కావాలి, ధర మారుతీ పక్కన నిలబడాలి. టెస్లాది మరో కథ. ఎలక్ట్రిక్ కారులో ఇంజన్, ఎగ్జాస్టు అడ్డమే లేదు. అయినా 2023లో మోడల్ ఎస్, ఎక్స్‌లకి కుడి స్టీరింగ్ ఇక రాదని బ్రిటన్‌లో ఎప్పటి నుంచో బుక్ చేసుకున్నవాళ్లకి చెప్పేశారు. ఎక్కువ అమ్ముడయ్యే మోడల్ 3, వైలకి మాత్రం ఉంచారు. 2025 జులైలో ముంబైకి వచ్చింది ఆ మోడల్ వైయే.

కొనేముందు ఏం చూడాలి?

బయటి కంపెనీ కారు కొంటుంటే నేను చూసేవి ఇవి. కారు ఇక్కడే తయారవుతోందా, లేక విడిభాగాలు తెచ్చి బిగిస్తున్నారా. అదే కారు కనీసం ఇంకో రెండు కుడి స్టీరింగ్ దేశాల్లో అమ్ముతున్నారా. అన్నిటికంటే ముఖ్యం, విదేశాల్లో దాని తర్వాతి తరం వచ్చేసిందా, వస్తే బ్రిటన్‌కో ఆస్ట్రేలియాకో కుడి స్టీరింగ్‌తో వచ్చిందా. కొత్త తరం బయటికొచ్చి ఏడాది దాటినా ఎక్కడా కుడి స్టీరింగ్ మాట వినబడలేదంటే, షోరూములో సేల్స్ కుర్రాడు ఎంత ఒట్టు పెట్టినా ఆ కంపెనీ సామాను సర్దుకుంటోందనే నా లెక్క.

ఇక్కడే ఇంకో మాట, ఎందుకంటే అమెరికాలో ఉన్న మనవాళ్లు తరచూ అడుగుతారు. అక్కడి కారుని తిరిగొచ్చేటప్పుడు తెచ్చుకోవచ్చా అని. సాధారణంగా కుదరదు. మన దిగుమతి నిబంధనల్లో కుడి స్టీరింగ్, కిలోమీటర్ల మీటరు, రోడ్డుకి ఎడమవైపు నడిపే పద్ధతికి సరిపోయే హెడ్‌లైట్లు ఉండాలని స్పష్టంగా ఉంది. పాత కారైతే మూడేళ్లు దాటకూడదు కూడా. తెచ్చాక ఇక్కడ మార్పించుకుందామన్న ఆలోచన పైన చెప్పిన హార్నెస్ కథ చదివాక మీకే పోయుండాలి.

ఈ ఇబ్బందికి ఒక దేశం ఏకంగా రోడ్డే మార్చేసింది. పసిఫిక్‌లోని సమోవా 2009 సెప్టెంబరులో కుడివైపు నడపడం మానేసి ఎడమవైపుకి మారింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జపాన్‌ల నుంచి పాత కార్లు చవగ్గా వస్తాయని!

మీ మేనమామ గారి క్రూజ్

ధర బాగా తగ్గిస్తే తీసుకోవచ్చు, ఒక షరతు మీద. ఆ కారు భాగాల్ని రెండు కుప్పలుగా ఊహించుకోండి. ఇంజన్, గేర్‌బాక్స్, సస్పెన్షన్, బేరింగులు ఒక కుప్ప. క్రూజ్ ప్రపంచమంతా అమ్ముడైంది కాబట్టి పార్ట్ నంబరు కలిస్తే ఇవి ఏదో ఒక దేశం నుంచి దొరుకుతాయి. రెండో కుప్ప స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పుడుని ముందు చక్రాలకి అందించే పళ్ల కడ్డీ), డాష్‌బోర్డు, డాష్ వైరింగు, వైపర్ లింకేజి, హెడ్‌లైట్లు. ఇవి కుడి స్టీరింగ్ దేశాలవే కావాలి, అంటే ఇక్కడి పాత స్టాకు, ఇక్కడి స్క్రాపు, లేదంటే ఆస్ట్రేలియాలో హోల్డెన్ క్రూజ్‌లు తుక్కుకి పోయే యార్డులు. ఈ కుప్పే ఏడాదికేడాది కరుగుతూ పోతుంది.

కాబట్టి ఇంజన్ శబ్దం వినడం తర్వాత, ముందు ఈ రెండో కుప్ప చూడండి. స్టీరింగ్ ఒక అంచు నుంచి ఇంకో అంచుకి తిప్పి ర్యాక్ దగ్గర కొట్టుకుంటున్న చప్పుడు ఉందేమో వినండి. డాష్‌బోర్డు ఎప్పుడైనా విప్పి బిగించారా అన్నది అంచుల్లో క్లిప్పుల ఖాళీ చూస్తే తెలుస్తుంది. హెడ్‌లైట్లు మార్పించి ఉంటే రాత్రిపూట గోడకి పది అడుగుల దూరంలో ఆపి డిమ్ వేయండి. వెలుగు అంచు ఎడమవైపు పైకి లేవాలి. కుడివైపు లేస్తోందంటే ఎవరో ఎడమ స్టీరింగ్ దేశం లైట్లు తెచ్చి పెట్టారు. ఎదురుగా వచ్చే లారీ డ్రైవర్ల కళ్లలోకి కొడుతుంది, మార్చక తప్పదు, ఆ జత ఖర్చు బేరంలోనే తగ్గించమనండి.

షెవర్లే ఆథరైజ్డ్ సర్వీసులో పనిచేసి ఇప్పుడు సొంత షెడ్డు పెట్టుకున్న మెకానిక్ మీ దగ్గర్లో ఉంటే కొనకముందే ఒకసారి ఆయనకి చూపించండి. స్కానర్‌లో వచ్చిన కోడ్‌లు ఇక్కడ పెడితే, వైరింగువి ఏవో ఇంజన్‌వి ఏవో విడదీసి చెబుతాను.